కత్తెర కన్నా ముందు కుట్లు విప్పడం నేర్చుకున్నా – పాత బట్టలతో నా అనుభవం

ఒక ఆదివారం పాత బట్టలతో కొత్తవి కుట్టే వీడియో ఒకటి చూసి, ఆ ఊపులోనే నాన్న పక్కన పెట్టేసిన నీలం చారల షర్టు తీసుకుని నేల మీద పరిచి, దాని మీద నా టాప్ ఒకటి పెట్టి చుట్టూ చాక్‌తో గీసి కత్తిరించేశా. జాగా సరిపోవట్లేదని టాప్‌ని కొంచెం వాలుగా పెట్టా, అదేం పెద్ద విషయం అనుకోలేదు. గంటన్నరలో కుట్టడం కూడా అయిపోయింది, వేసుకుని అద్దంలో చూసుకుంటే బాగానే ఉంది. ఒక్కసారి ఉతికి ఆరేశాక చూస్తే ముందు భాగం మొత్తం ఎడమ పక్కకి మెలి తిరిగింది, కింద అంచు ఒక వైపు రెండు అంగుళాలు దిగిపోయింది. ఇస్త్రీ చేశా, తడిపి లాగి ఆరేశా, ఏం చేసినా సరి కాలేదు. కాలరు అరిగిందే తప్ప మిగతా గుడ్డంతా గట్టిగా ఉన్న షర్టు అది, దాన్ని నేనే చేతులారా చెత్త చేశానన్న బాధ చాలా రోజులు పోలేదు.

అసలు ఇదంతా ఎందుకు మొదలైందంటే, బీరువా తలుపు మూయడానికి మోకాలు అడ్డం పెట్టి నెట్టాల్సి వస్తోందని ఒకరోజు మొత్తం బయటికి తీసి లెక్కపెట్టా. నావి 61. అందులో 23 ఏడాదిగా ఒక్కసారి కూడా వేసుకోలేదు. ఎవరికైనా ఇచ్చేద్దాం అనుకున్నా కానీ ఇచ్చినవి చివరికి ఎక్కడికి పోతాయా అని చదవడం మొదలుపెడితే నిద్ర పట్టలేదు. చిలీలో అటకామా ఎడారి అంచున, ఇకీకే రేవులో దిగిన వాడేసిన బట్టల్లో అమ్ముడుపోనివి గుట్టలు గుట్టలుగా పడేసిన ఫోటోలు మీరూ చూసే ఉంటారు. రీసైక్లింగ్ ఉంది కదా అనుకుంటే, ఎల్లెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం బట్టల తయారీకి వాడిన సరుకులో మళ్లీ కొత్త బట్టగా మారేది 1 శాతం కన్నా తక్కువ. ఆ అంకె చూసి నమ్మలేదు నేను, కానీ తర్వాత స్వయంగా బట్టలు విప్పుతున్నప్పుడు ఎందుకో అర్థమైంది. ఒక్క ప్యాంటులో కాటన్, పాలిస్టర్, లైక్రా కలిసి ఉంటాయి, కుట్టిన దారం వేరే, జిప్పు వేరే, నడుం పట్టీలో ఎలాస్టిక్ వేరే. వీటిని ఎవరో కూర్చుని విడదీయాలి. విడదీసి మెషిన్‌లో చీల్చి దూది చేసినా పోగులు పొట్టివైపోతాయి, కొత్త దూది కలపకుండా మళ్లీ మంచి నూలు రావడం కష్టం. అదే రిపోర్టులో 2000 నుంచి 2015 మధ్య బట్టల తయారీ దాదాపు రెట్టింపైందని, ఒక్కో బట్టని వేసుకునే సార్లు మాత్రం తగ్గిపోయాయని కూడా ఉంది. నా 23 బట్టలు అందులో భాగమే కదా.

అందుకే నా చేతిలో ఉన్న గుడ్డని గుడ్డగా ఉండగానే వాడాలి అని గట్టిగా అనుకున్నా. అప్‌సైక్లింగ్ అనే మాట, అంటే పాతదాన్ని విలువ పెరిగేలా మళ్లీ వాడటం, 1994లో రైనర్ పిల్జ్ అనే జర్మన్ ఇంజినీరు వాడాడని చదివా. ఆయన కోపం ఏంటంటే రీసైక్లింగ్ పేరుతో మంచి ఇటుకల్ని పగలగొట్టి కంకర చేసేస్తున్నారు, పాత వస్తువుకి విలువ పెరగాలి గానీ తగ్గకూడదు అని. నేను నాన్న షర్టుకి చేసింది సరిగ్గా ఆ ఇటుకలకి చేసిన పనే, ఎవరో ఎంతో నేర్పుగా కుట్టిన కాలరు, కఫ్‌లు, కాజాలు, గుండీ పట్టీ అన్నీ కోసి పక్కన పడేసి మిగిలిన నలుపలకల ముక్కని వాడుకున్నా.

అమ్మ ఆ మెలి తిరిగిన టాప్ చూసి ఒక్క మాటే అంది, "తర్వాతిది ముందు విప్పి చూడమ్మా, కత్తెర ఎక్కడికీ పోదు" అని. అమ్మ టైలర్ కాదు, ఇంట్లో చిరుగులు కుట్టుకున్న అనుభవం అంతే, కానీ ఆ మాట వల్లే నాకు పని వచ్చింది.

రెండో షర్టు తీసుకుని వారం రోజులు రోజూ కాస్తకాస్త విప్పా. సీమ్ రిప్పర్ అని చిన్న కొక్కెం లాంటిది దొరుకుతుంది, దాంతో ఒక వైపు ప్రతి నాలుగైదు కుట్లకి ఒకటి తెంపి, బట్ట తిరగేసి రెండో వైపు దారం లాగితే మొత్తం ఒకేసారి ఊడి వచ్చేస్తుంది. మొదట్లో రెండు ముక్కల మధ్య దూర్చి బలంగా తోసేదాన్ని, అలా చేస్తే ఎక్కడో ఒకచోట గుడ్డ కోసుకుపోతుంది, నాకు రెండు చోట్ల పోయింది. షర్టు పక్క కుట్లు అయితే అంచులు ఒకదాంట్లో ఒకటి మడిచి రెండు వరసలు కుట్టి ఉంటాయి, అవి విప్పడానికే మూడు గంటలు పట్టింది, కానీ ఆ మూడు గంటల్లో నేర్చుకున్నంత ఏ వీడియోలోనూ నేర్చుకోలేదు. ఏ ముక్క ముందు కుట్టారు, ఏది తర్వాత కుట్టారు, చెయ్యి ఎక్కించాక పక్క కుట్టు వేశారా ముందే వేశారా అన్నీ వెనక్కి నడుస్తూ చూసినట్టు కనిపిస్తాయి. విప్పిన ప్రతి ముక్క మీద చిన్న కాగితం పిన్ను చేసి ఎడమ ముందు, కుడి ముందు, యోక్ (భుజాల మీద వచ్చే ముక్క) అని రాసుకోండి, లేకపోతే రెండు చేతులు ఏది ఏదో తెలియదు.

నా మొదటి షర్టు ఎందుకు తిరిగిపోయిందో కూడా అప్పుడే తెలిసింది. గుడ్డలో పడుగు పోగులు నిలువుగా ఉంటాయి, వాటిని లాగితే పెద్దగా సాగవు, అడ్డంగా పేక పోగులు కొంచెం సాగుతాయి, మూలగా లాగితే బాగా సాగుతుంది. ముక్కని కాస్త వాలుగా కోసినా ఉతికినప్పుడు పోగులు వాటి దారిన అవి పోతాయి, బట్ట మెలి తిరుగుతుంది. చారల షర్టు ఉంటే ఒకసారి చూడండి, ఒంటి మీద చారలు నిలువుగా ఉంటే భుజాల మీద యోక్ దగ్గర చాలాసార్లు అడ్డంగా ఉంటాయి. అందానికి అనుకున్నా ఇన్నాళ్లూ, కానీ భుజాల అడ్డంగా సాగకుండా గట్టిగా పట్టి ఉంచడానికి పడుగుని అటు తిప్పుతారంట. ఇప్పుడు ఏ ముక్క కోసినా ముందు పడుగు ఎటుందో చాక్‌తో బాణం గీసుకుని గానీ కోయను.

ఇంకో పని తప్పకుండా చేస్తా. ముక్కల్ని కిటికీకి అడ్డంగా పట్టుకుని వెలుతురులో చూస్తా. మోచేతులు, కాలరు మడత, ప్యాంటు కూర్చునే చోటు, తొడల లోపలి వైపు, ఇవి పైకి బాగానే కనిపిస్తాయి గానీ వెలుతురులో పలచబడ్డ చోటంతా తెల్లగా తెలిసిపోతుంది. రెండు బొటనవేళ్లతో పట్టి కొంచెం లాగి చూడండి, పర్ మని సన్నగా చప్పుడొస్తే ఆ భాగం అయిపోయినట్టే, దాన్ని కొత్త డ్రెస్‌లో పెట్టకండి. నేను అలాంటి చోట్లన్నీ చాక్‌తో గుండ్రంగా గీసి వాటిని తప్పించి కోస్తా. పాత బట్టలో ఉన్న గొప్ప సౌకర్యం ఏంటంటే అది కుంచించుకోవాల్సిందంతా ఎప్పుడో కుంచించుకుపోయి ఉంటుంది, రంగు వదలాల్సింది దాదాపు వదిలేసి ఉంటుంది, కాబట్టి కొలత పెద్దగా మారదు. దాంతో కలిపే లైనింగ్ కొత్తదైతే మాత్రం దాన్ని ముందు తడిపి ఆరబెట్టాలి.

ఇక అసలు డ్రెస్ సంగతి. నాన్నవే ఇంకో రెండు షర్టులు, ఒకటి తెలుపు, ఒకటి లేత నీలం, రెండూ కాటన్. ఈసారి ముందే కుట్టి ఉన్నవి ఏవేవి అలాగే ఉంచొచ్చు అని ఆలోచించా. తెల్ల షర్టు పై భాగం నడుము దాకా అలాగే, కాలరు, గుండీలతో సహా. నీలం షర్టుని చంక కింద అడ్డంగా ఒకే ఒక కోత కోశా, అప్పుడు అది గుండీ పట్టీతో, కింద అంచుతో సహా స్కర్టులాగా వచ్చేసింది. రెండిటి గుండీ పట్టీలు ఒకే వరసలో కలిసేలా పెట్టి నడుము దగ్గర కుచ్చులు పోసి కుట్టడమే. చెప్పడానికి ఇంత తేలిక, కానీ నీలం షర్టు చుట్టుకొలత 44 అంగుళాలు, తెల్లది నడుము దగ్గర నాకు సరిపడా 36 చేశా, అంటే కుచ్చులకి మిగిలింది 8 అంగుళాలే, స్కర్టు కర్ర లాగా నిలబడింది. అప్పుడు నీలం షర్టు చేతులు రెండూ విప్పి చాపితే మంచి వెడల్పు ముక్కలు వచ్చాయి, వాటిని చెరో పక్క కలిపాక ఘేరా వచ్చింది. ఆ కలిపిన కుట్టులోనే జేబులు కూడా పెట్టా. ఆడవాళ్ల డ్రెస్సులకి చెయ్యి పట్టే జేబులు ఎందుకు పెట్టరో నాకు ఇప్పటికీ అర్థం కాదు, మనం కుట్టుకుంటే కనీసం అది మన చేతిలో ఉంటుంది.

చెయ్యి దగ్గర మళ్లీ ఇబ్బంది. మగవాళ్ల షర్టుకి చంక కిందికి దిగి ఉంటుంది, ఒళ్లు వదులుగా ఉంటుంది కాబట్టి వాళ్లకి తెలియదు, నేను పక్కలు బిగించేసరికి చెయ్యి పైకెత్తితే డ్రెస్ మొత్తం పైకి లేస్తోంది. ఇంకా బిగించి, ఇంకా వదిలి రెండుసార్లు విప్పి కుట్టా, కాలేదు. చివరికి చంక కింద డైమండ్ ఆకారంలో నాలుగు అంగుళాల ముక్క, నీలం షర్టు కఫ్‌లోంచి తీసింది, అతికిస్తే అప్పుడు చెయ్యి హాయిగా లేచింది. లేత నీలం ముక్క తెల్ల దాంట్లో కనిపిస్తుందేమో అని భయపడ్డా, చెయ్యి ఎత్తినప్పుడు మాత్రమే కొంచెం కనిపిస్తుంది, నాకు ఆ డ్రెస్‌లో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే ఇప్పుడు.

జేబు తీసేసిన చోట ఏమవుతుందో ఎవరూ చెప్పరు, నేను చెప్తా. నీలం షర్టు ఛాతీ జేబు విప్పితే దాని కింద గుడ్డ కొత్తదానిలా ముదురు రంగులో ఉంది, చుట్టూ అంతా వెలిసి ఉంది, మధ్యలో జేబు ఆకారం స్పష్టంగా. సూది రంధ్రాలైతే ఆవిరి పెట్టి గోరుతో అటూ ఇటూ గీకితే పోగులు సర్దుకుని చాలావరకు మూసుకుపోతాయి, రంగు తేడా మాత్రం పోదు. అందుకని కోసేటప్పుడే ఆ చోటు ఎక్కడికొస్తుందో చూసుకోవాలి. అలాగే వదిలేసినా ఏం తప్పు లేదు, ఆ బట్ట అన్నేళ్లు ఎండలో తిరిగిందని తెలుస్తుంది అంతే.

అరిగిన కాలరు సంగతి మాత్రం అందరూ తెలుసుకోవాలి, ఎందుకంటే ఎన్నో షర్టులు కేవలం ఆ మడత దగ్గర చిరిగిందనే మూలన పడతాయి. కాలరు ఆకుని (పైన మడిచే భాగాన్ని) కింద పట్టీ నుంచి మాత్రమే విప్పండి, మొత్తం విప్పక్కర్లేదు, మధ్య గుర్తు పెట్టుకోండి, తిరగేసి మళ్లీ అదే పట్టీలో పెట్టి అదే గీత మీద కుట్టండి. అరిగిన వైపు కిందికి పోయి అడుగు వైపు కొత్తది పైకి వస్తుంది. మామూలుగా గట్టి అంటుగుడ్డ పై వైపుకే వేసి ఉంటుంది కాబట్టి తిరగేశాక కాలరు కొంచెం మెత్తగా అనిపిస్తుంది, నాకైతే అదే బాగుంది. అడుగున కాలరు పుల్లలు పెట్టే సందులు ఉంటే అవి పైకి వస్తాయి, వాటిని ముందే చేత్తో మూసి కుట్టుకోవాలి. ఇదేం కొత్త విద్య కాదు, రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు బ్రిటన్‌లో 1941 నుంచి బట్టలకి రేషన్ కూపన్లు పెట్టారు, 1943లో ప్రభుత్వమే పాతవి బాగుచేసుకుని వేసుకునే పద్ధతులు పుస్తకంగా వేసి జనానికి ఇచ్చింది. వాళ్లకి దొరక్క చేశారు, మనకి దొరికేది మరీ ఎక్కువై చేయాల్సి వస్తోంది.

జీన్స్ నన్ను బాగా ఏడిపించింది. అన్నయ్య పాత జీన్స్ రెండు, ఒకటి పూర్తి కాటన్ గట్టి డెనిమ్, ఇంకోటి సాగే రకం. రెండూ కలిపి జాకెట్ చేద్దామని ముక్కలు అతికించా. మామూలు సూదితో మొదలుపెట్టి మూడు సూదులు విరగ్గొట్టాక 100 నంబరు జీన్స్ సూది వేశా. కాళ్ల లోపలి కుట్టు మీదుగా వెళ్లేటప్పుడు అక్కడ గుడ్డ చాలా పొరలు ఉంటుంది, ప్రెస్సర్ ఫుట్ (మెషిన్‌లో గుడ్డని నొక్కి పట్టే పాదం) ఏటవాలుగా లేచిపోయి కుట్టు దాటేస్తుంది, అప్పుడు ఫుట్ వెనక అంతే మందం వచ్చేలా డెనిమ్ ముక్క మడిచి పెట్టి, మోటారు కాకుండా చక్రాన్ని చేత్తో తిప్పుతూ దాటించాలి. జేబు మూలల్లో రాగి రివెట్లు ఉన్నచోట అసలు కుట్టకండి, అది 1873లో జేకబ్ డేవిస్, లీవై స్ట్రాస్ పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి జేబు చిరగకుండా పెడుతున్నది, సూది తగిలితే సూదే పోతుంది. ఇవన్నీ దాటి జాకెట్ తయారైంది, ఉతికితే సాగే డెనిమ్ ఒక రకంగా, గట్టి డెనిమ్ ఒక రకంగా లాక్కుని కుట్ల వెంబడి అంతా ముడతలు. రెండు నెలల శ్రమ. అంతా మళ్లీ విప్పా. సాగేవి సాగేవాటితో, గట్టివి గట్టివాటితోనే కలపాలి, అది కూడా విప్పి చూస్తేనే నేర్చుకున్నా.

గట్టి డెనిమ్ ముక్కలతో చేతుల్లేని కోటు లాంటిది కుట్టా, సాగే జీన్స్‌ని మాత్రం మళ్లీ జీన్స్ గానే కుట్టి తొడ లోపల అరిగిన చోటు బాగుచేసి అన్నయ్యకే ఇచ్చా. అరిగిన చోటు కన్నా చుట్టూ అంగుళం పెద్ద ముక్క లోపల పెట్టి, మందం దారంతో వరసలు వరసలుగా రన్నింగ్ కుట్టు. వరసలన్నీ ఒకే చోట ఆగకుండా ఒకటి పొడుగు ఒకటి పొట్టిగా గట్టి గుడ్డలోకి పోనివ్వాలి, లేకపోతే అన్నీ ఆగిన గీత మీద మళ్లీ చిరుగుతుంది. జపాన్‌లో దీన్ని సషికో అంటారు, ఉత్తరాన చలి ప్రాంతాల్లో నూలు బట్ట దొరకడం కష్టమై పేదవాళ్లు తరతరాలుగా అతుకు మీద అతుకు వేసి కుట్టుకున్న బట్టల్ని బోరో అంటారు, అవి ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి. అన్నయ్య మొదట "కనిపిస్తుందేమో రా" అన్నాడు, ఇప్పుడు వారానికి మూడు రోజులు అదే వేసుకుంటున్నాడు.

టీషర్టుల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. బాల్ పాయింట్ సూది (మొన గుండ్రంగా ఉండేది) వాడండి, మామూలు సూది అల్లిక పోగుని తెంపి చిల్లులు పెడుతుంది, తిన్నని కుట్టు సాగదు కాబట్టి జిగ్‌జాగ్ వేయండి. బొత్తిగా పాతవైతే రెండు సెంటీమీటర్ల పట్టీగా తెగకుండా చుట్టూ కోసుకుంటూ పోయి లాగితే అంచులు చుట్టుకుని తాడులా అవుతుంది, సంచులు అల్లుకోవచ్చు.

ఏ గుడ్డో తెలియకపోతే లేబుల్ లేనప్పుడు నాలుగు పోగులు పట్టకారుతో పట్టుకుని సింక్ మీద వెలిగించి చూస్తా. కాటన్ కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద అవుతుంది, ఉన్ని జుట్టు కాలిన వాసన వేస్తుంది, పాలిస్టర్ కరిగి గట్టి నల్ల పూసలా ముద్ద కడుతుంది. పాలిస్టర్ అని తెలిస్తే ఇస్త్రీ వేడి తగ్గించాలి, నేను చూడకుండా ఒక మంచి టాప్ మీద ఇస్త్రీ పెట్టె ఆకారం మెరిసేలా కాల్చేశా.

ఇంత కష్టపడి చేశాక నాకు ముఖ్యం అనిపించింది ఒకటుంది. చేసినవి వేసుకుంటున్నానా లేదా అని. చేసి బీరువాలో పెడితే ఒక అరలో చెత్త ఇంకో అరకి మారినట్టే, పైగా దారం, కరెంటు, నా టైమ్ కూడా పోయినట్టు. అందుకే బీరువా తలుపు లోపల కాగితం అంటించి వేసుకున్న ప్రతిసారీ గీత పెడుతున్నా. షర్టు డ్రెస్‌కి 41 గీతలు వచ్చాయి ఇప్పటికి. డెనిమ్ కోటుకి 17. ఒక బెడ్‌షీట్‌తో కుట్టిన పొడుగు స్కర్టుకి రెండే, దాన్ని విప్పేసి వేరేది చేయాలి. బ్రిటన్‌లో రాప్ అనే సంస్థ 2012లో లెక్కగట్టింది, ఉన్న బట్టలనే ఇంకో తొమ్మిది నెలలు ఎక్కువ వేసుకుంటే వాటి వల్ల పడే కార్బన్, నీళ్లు, చెత్త భారం 20 నుంచి 30 శాతం దాకా తగ్గుతుందట. అందుకే నాకు గుండీ ఊడితే కుట్టుకోవడం కూడా ఇదే పని అనిపిస్తుంది, ప్రతిదాన్నీ కోసి కొత్త రూపం ఇవ్వక్కర్లేదు. నా 23లో 9 అలా చిన్న రిపేర్లతోనే మళ్లీ వేసుకోవడం మొదలుపెట్టా.

ఆ మొదటి నీలం చారల షర్టు పారేయలేదు. యోక్, చేతులు పాడవలేదు, వాటితో డ్రెస్ జేబుల లోపలి సంచులు, రెండు కాలర్ల అడుగు ముక్కలు, డెనిమ్ కోటు లోపల అంచు పట్టీలు అయ్యాయి. తిరిగిపోయిన ముందు భాగాన్ని కూడా పడుగు చూసుకుని సరిగ్గా కోస్తే రెండు అరచేతుల వెడల్పు ముక్కలు నాలుగు వచ్చాయి.

ఇప్పుడు టేబుల్ మీద అన్నయ్య పాత కోటు ఉంది, ఉన్ని కలిసిన గుడ్డ. లైనింగ్ చంకల దగ్గర పూర్తిగా చీలిపోయింది, పై గుడ్డ మాత్రం బ్రహ్మాండంగా ఉంది. నిన్న లైనింగ్ విప్పి లోపలికి చూస్తే వెనక కుట్టు దగ్గర అంగుళంన్నర మార్జిన్ వదిలి ఉంది, ఎప్పుడైనా వదులు చేసుకోవడానికి కుట్టినవాళ్లు పెట్టింది. అంటే కోయకుండానే కొలత మార్చొచ్చేమో. ఎడమ చెయ్యి విప్పడం అయింది, కుడి చెయ్యి రేపు.